భద్రత ఖర్చు ఎవరి పద్దులో?

మా మామ ఒక రసాయన యూనిట్‌లో కాంట్రాక్టు హెల్పర్. రియాక్టర్లు కడిగే పని. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ఒక రాత్రి షిఫ్టులో మంటలు లేచాయి. పదకొండు రోజులు కాలిన గాయాల వార్డులో ఉండి చనిపోయాడు. కంపెనీ హాజరు పుస్తకంలో ఆయన పేరు లేదు. లేబర్ కాంట్రాక్టర్ జేబులో పెట్టుకునే చిన్న నోటు పుస్తకంలో మాత్రం ఉంది. ప్రమాదం జరిగిన మూడో రోజు తనిఖీ అధికారి కారు గేటు దగ్గర ఆగింది. ఆయన లోపలికి వెళ్లి, ఫొటోలు తీయించి, కాగితాలు రాసుకుని వెళ్లిపోయారు. గేటు బయట కూర్చున్న మా అత్త నన్ను ఒక్క మాట అడిగింది: "గీ సారు ముందుగాల ఎందుకు రాలే బిడ్డా?"

నా పీహెచ్‌డీ ప్రశ్న కూడా అదే. విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సినాప్సిస్‌లో దాన్ని "ప్రజా భద్రతా నియంత్రణ సంస్థల్లో ఆర్థిక నిర్వహణ, ప్రణాళిక, వ్యయ వసూలు" అని రాశాను. కమిటీ ముందు అలాగే రాయాలి. కానీ ఐదేళ్లుగా బడ్జెట్ పుస్తకాలు, కాగ్ నివేదికలు తిరగేస్తున్నది మాత్రం ఆ సారు ముందే ఎందుకు రాలేదో తెలుసుకోవడానికే.

ఆయన బద్ధకస్తుడు కాబట్టి రాలేదు, లంచం తిన్నాడు కాబట్టి రాలేదు అనేవి మనకు అలవాటైన జవాబులు. అవి కొంత నిజం కూడా కావచ్చు. అయితే బడ్జెట్ పుస్తకం ఇంకో జవాబు చెబుతుంది. ఆయన రావడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో, ఎక్కడికి ముందు రావాలో నిర్ణయించే చోట మా మామ లాంటి వాళ్ల ప్రాణానికి లెక్క లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే: భద్రతకు డబ్బు ఎలా వస్తుంది, ఎలా ఖర్చవుతుంది అన్నది అకౌంటెంట్లకు వదిలేయాల్సిన విషయం కాదు. అది కులం ప్రశ్న.

రెండు పద్దులు

బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి రాబడికీ ప్రతి ఖర్చుకూ నాలుగు అంకెల పద్దు ఉంటుంది. ఫ్యాక్టరీ లైసెన్సు ఫీజు, బాయిలర్ తనిఖీ ఫీజు ఖజానాకు చేరేది 0230 కింద. అది 'కార్మిక, ఉపాధి' రాబడి పద్దు. ఇన్‌స్పెక్టర్ల జీతం, వాళ్ల ప్రయాణం, ఆఫీసు అద్దె వచ్చేది 2230 కింద. అదే పేరుతో ఉన్న ఖర్చు పద్దు. అందులో 'పని పరిస్థితులు, భద్రత' అని ఒక ఉపపద్దు కూడా ఉంది. రెండు పద్దులకూ తేడా మొదటి అంకె ఒక్కటే.

కానీ ఆ రెండింటి మధ్య దారి లేదు. రాజ్యాంగంలోని 266వ అధికరణం ప్రకారం ప్రభుత్వానికి రాబడిగా వచ్చే ప్రతి రూపాయీ సంచిత నిధిలో కలిసిపోవాలి. శాసనసభ ఆమోదం లేకుండా అందులోంచి రూపాయి తీయడానికి వీల్లేదు. ఇది మంచి నియమం. ఇన్‌స్పెక్టర్ తను వసూలు చేసిన డబ్బు తనే ఖర్చు పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చిక్కు ఎక్కడంటే, ఫ్యాక్టరీలు ఎన్ని పెరిగాయి, వాటి నుంచి ఫీజు ఎంత వచ్చింది, వాటిని చూడటానికి ఎంతమంది కావాలి అనే మూడు ప్రశ్నలను ఒకేచోట పెట్టి అడిగే రోజు బడ్జెట్ క్యాలెండర్‌లో లేదు. ఫీజును అశ్వశక్తిని బట్టి, కార్మికుల సంఖ్యను బట్టి లెక్కగట్టి వసూలు చేస్తారు. ఖర్చును మాత్రం పోయినేడు ఎంత ఇచ్చామో చూసి ఇస్తారు. ఖాళీ పోస్టుకు జీతం ఇవ్వక్కర్లేదు కాబట్టి ఆర్థిక శాఖ కంటికి ఖాళీ పోస్టు ఒక పొదుపు.

ఒక కార్యాలయానికి నేను సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గత పదేళ్లలో లైసెన్సు ఫీజు ఎంత వచ్చింది, తనిఖీ ప్రయాణాలకు ఎంత ఖర్చయింది అని అడిగాను. "మీరు కోరిన రూపంలో సమాచారం నిర్వహించబడటం లేదు" అని జవాబు వచ్చింది. నన్ను తప్పించడానికి రాసిన జవాబు అనుకుని మొదట కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది, వాళ్లు నిజమే రాశారు. ఆ రెండు అంకెలను ఎవరూ పక్కపక్కన పెట్టలేదు.

వసూలు చేయకపోతే ఎవరు కట్టినట్టు?

ప్రమాదకరమైన వ్యాపారం చేసేవాడి దగ్గరే దాని తనిఖీ ఖర్చు రాబట్టాలన్నది వ్యయ వసూలు సూత్రం. ఆ మాట వినగానే మనలో చాలామందికి అనుమానం వస్తుంది. విశ్వవిద్యాలయ ఫీజులు పెంచేటప్పుడు, ఆసుపత్రిలో యూజర్ చార్జీలు పెట్టేటప్పుడు వాడే భాష అదే కదా. కానీ ఇక్కడ చార్జీ కట్టేది రోగి కాదు, విద్యార్థి కాదు. లాభం తీసుకుంటూ ఇతరుల ఒంటిమీదికి ప్రమాదం తెచ్చేవాడు. అతని దగ్గర వసూలు చేయకపోతే ఆ ఖర్చు మాయమైపోదు. పన్నులు కట్టే జనం కొంత కడతారు. మిగతాది తనిఖీ జరగకుండా మిగిలిపోతుంది, అది కార్మికుడు కడతాడు.

దీనికి దేశంలో బాగా నమోదైన ఉదాహరణ అణుశక్తి నియంత్రణ మండలి. 1983లో కార్యనిర్వాహక ఉత్తర్వుతో పుట్టిన సంస్థ ఇది. రియాక్టర్ల నుంచి ఆసుపత్రి ఎక్స్‌రే యంత్రాల దాకా రేడియేషన్ ఉన్న ప్రతిచోటా భద్రత చూడాల్సిన బాధ్యత దానిదే. 2012లో కాగ్ ఆ మండలిపై ఇచ్చిన నివేదిక చదవాలి. అనుమతులు, నియంత్రణ సేవలకు రుసుము నిర్ణయించే నియమాలే రూపొందించలేదు కాబట్టి ఆ ఖర్చంతా మండలే భరించాల్సి వచ్చిందని అందులో ఉంది. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లలో 52,173, అంటే దాదాపు 91 శాతం, మండలి దగ్గర నమోదే కాకుండా నడుస్తున్నాయి. ఆ యంత్రాల పక్కన రోజంతా నిలబడేది ఎవరు? కార్పొరేట్ ఆసుపత్రి యజమాని కాదు. చిన్న పట్టణపు స్కానింగ్ సెంటర్లో నెల జీతానికి పనిచేసే టెక్నీషియన్, రోగిని పట్టుకుని నిలబెట్టే అటెండర్.

ఈ నివేదికకు రెండేళ్ల ముందే మాయాపురి జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేశారు. అందులో కోబాల్ట్-60 ఉంది. పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో పనివాళ్లు దాన్ని చేతులతో విప్పారు. ఏప్రిల్‌లో ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రిలో చేరారు. ఒకరు చనిపోయారు. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లే కాబట్టి ఒక మాట. ఆ యంత్రం మీద పరిశోధన చేసి పట్టాలు పొందినవాళ్లు ఒకరు, దాన్ని విప్పి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఇంకొకరు. జ్ఞానం ఒకరికి, దాని తుక్కు ఇంకొకరికి. ఈ పంపకం మన సమాజానికి కొత్త కాదు.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు చేసిన 'శాంతి' చట్టం అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచింది. నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా కూడా ఇచ్చింది. హోదా మంచిదే. దాని తనిఖీల ఖర్చు ఇకపై ఆ కంపెనీల నుంచి రాబడతారా, ఎంత, ఏ లెక్కన అన్నది ఇప్పుడు అడగకపోతే పదేళ్ల తర్వాత ఇంకో కాగ్ నివేదికలో చదువుకోవాల్సి వస్తుంది.

వసూలే లక్ష్యమైతే

వ్యయ వసూలు సూత్రాన్ని సగం ఒప్పుకున్నాను. మిగతా సగం దగ్గర ఆగాలి.

బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా కార్యనిర్వాహక సంస్థ 2012 అక్టోబర్ నుంచి కొత్త పద్ధతి పెట్టింది. తనిఖీకి వెళ్లినప్పుడు చెప్పుకోదగ్గ ఉల్లంఘన కనబడితే ఇన్‌స్పెక్టర్ గడిపిన సమయానికి గంటకింత చొప్పున ఆ కంపెనీకి బిల్లు పంపుతారు. మొదట్లో అది గంటకు 124 పౌండ్లు. అంతా సరిగ్గా ఉంటే బిల్లు లేదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఇది వచ్చింది ప్రభుత్వ గ్రాంటు కోసేస్తున్న ఏళ్లలో. బిల్లుకు అభ్యంతరం చెబితే మొదట్లో ఆ సంస్థే విచారించేది. ఒక కంపెనీ కోర్టుకెక్కాక 2017లో స్వతంత్ర ప్యానెల్ పెట్టాల్సి వచ్చింది. సంస్థ ఆదాయం కోసమే తప్పులు వెతుకుతోందన్న అనుమానం ఒక్కసారి పుడితే న్యాయమైన తనిఖీ మీద కూడా నమ్మకం పోతుంది.

అమెరికాలో అణు నియంత్రణ కమిషన్‌ది వేరే దారి. కొన్ని మినహాయింపులు పోను, తన బడ్జెట్ మొత్తాన్నీ అది లైసెన్సుదారుల నుంచి ఫీజుగా రాబట్టాలని చట్టం చెబుతోంది. కానీ వసూలైన డబ్బు దేశ ఖజానాకు వెళుతుంది. కమిషన్ ఎంత ఖర్చు పెట్టాలో ఏటా కాంగ్రెస్ నిర్ణయిస్తుంది. ఫీజు ఎంతో, ఎలా లెక్కగట్టారో ప్రతి ఏడూ ముసాయిదా ప్రచురించి జనం అభిప్రాయం తీసుకుంటారు. అంటే రాబడికీ ఖర్చుకూ లెక్క కుదరాలి, కానీ డబ్బు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉండకూడదు. మన 266వ అధికరణానికి ఇది విరుద్ధం కాదు. 0230నీ 2230నీ పక్కపక్కన పెట్టి చూడటం ఇక్కడా సాధ్యమే.

మన దగ్గర వాదన మాత్రం ఇంకో వైపు నడిచింది. 'ఇన్‌స్పెక్టర్ రాజ్' పోవాలన్నారు. లంచాల బాధ నిజం కాదని నేను అనను. లంచం కూడా ఒక రకం వసూలే, దానికి పద్దు నంబరు ఉండదు, అంతే. అయితే దానికి మందు తనిఖీని బహిరంగం చేయడం, నివేదికను గేటు మీద అంటించడం. ప్రభుత్వాలు ఎంచుకున్నది తనిఖీనే తగ్గించడం. యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలన్నారు. ఎక్కడికి వెళ్లాలో కంప్యూటర్ చెబుతుందన్నారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరే మారింది. ఇప్పుడాయన 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. విద్యుత్తు వాడే యూనిట్‌ను ఫ్యాక్టరీగా లెక్కించడానికి పాత చట్టంలో 10 మంది కార్మికులు చాలు. కోడ్‌లో 20 మంది ఉండాలి. విద్యుత్తు లేని చోట 20 కాస్తా 40 అయింది. మధ్యలో జారిపోయిన యూనిట్లలో పనిచేసేది ఎవరో చెప్పడానికి సర్వే అక్కర్లేదు.

పని ప్రదేశాల తనిఖీపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 81వ ఒడంబడికను భారత్ 1949లోనే ఆమోదించింది. సరిపడినంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉండాలని, వాళ్లకు ఆఫీసు, ప్రయాణ సౌకర్యం ఇవ్వాలని, ముందు చెప్పకుండా ఏ వేళలోనైనా వెళ్లే అధికారం ఉండాలని అందులో ఉంది. 1949లో ఒప్పుకున్నది మనం ఇప్పటికీ బడ్జెట్‌లో రాయలేదు.

ఫీజు కట్టేవాడు లేని చోట

ఇక అసలు విషయానికి వస్తాను. తనిఖీ ఫీజు వెంట నడిస్తే, ఫీజు కట్టేవాడు లేని చోటికి తనిఖీ వెళ్లదు.

మ్యాన్‌హోల్‌కు లైసెన్సు లేదు. సెప్టిక్ ట్యాంకుకు అశ్వశక్తి లేదు. అందులో దిగే మనిషిని పిలిచేది ఒక అపార్టుమెంటు కార్యదర్శో, ఒక మునిసిపల్ కాంట్రాక్టరో, ఒక హోటల్ యజమానో. 2019 నుంచి 2023 దాకా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2022, 2023 సంవత్సరాల్లో జరిగిన 54 మరణాలపై చేయించిన సామాజిక తనిఖీ వివరాలు 2025లో సభ ముందుకు వచ్చాయి. 54లో 49 మరణాల్లో కార్మికుల ఒంటిమీద ఒక్క రక్షణ పరికరం కూడా లేదు. 38 మందిని విడిగా, వ్యక్తిగత ఒప్పందం మీద పిలిపించారు. నమస్తే పథకం కింద గుర్తించిన దాదాపు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు. ఒక్క ఎస్సీలే 69 శాతం.

2013 నాటి పాకీ పని నిషేధ చట్టంలో ఇన్‌స్పెక్టర్లను నియమించాలని ఉంది. ఆ ఇన్‌స్పెక్టర్ ఏ పద్దు కింద జీతం తీసుకుంటాడు? సాధారణంగా అప్పటికే ఇంకో పనిలో ఉన్న అధికారికి ఈ హోదాను అదనంగా తగిలిస్తారు. కొత్త పోస్టు లేదు, కొత్త డబ్బు లేదు. ఒక కాగితం మీద ఒక పేరు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. చావు తర్వాత ఇచ్చే రేటు పెరిగింది. చావుకు ముందు రావాల్సిన మనిషికి మాత్రం ఇంకా పద్దు లేదు.

డబ్బు పెడితే మార్పు రాదా అంటే, వస్తుంది. 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రోడ్ల మీదికి తెచ్చింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి వాటి నిర్వహణ అప్పగించింది. ఇరుకు సందుల్లోకి యంత్రం వెళ్లగలదని, దాన్ని నడిపి బతికే హక్కు దళితులకు ఇవ్వొచ్చని ఒకేసారి రుజువైంది. యంత్రం లేక మనిషి దిగుతున్నాడన్న మాట అబద్ధమని తేలింది. ఆ యంత్రానికి డబ్బు ఎవరి పద్దులోంచి అన్న ప్రశ్నకు జవాబు లేక దిగుతున్నాడు.

ఫ్యాక్టరీల్లో సంగతి కూడా దీనికి దూరం కాదు. ప్రమాద నివేదికలో వయసు రాస్తారు, లింగం రాస్తారు, చేసే పని రాస్తారు. కులం రాయరు. రాయకపోతే కులం లేనట్టు కాదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచీ యూనిట్ పేలి 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు. శిథిలాల కింద ఎంతమంది ఉన్నారో తేల్చడానికే రోజులు పట్టింది. లోపల ఎవరున్నారో కచ్చితంగా తెలియని చోట ఎంత ప్రమాదం ఉందో ఎవరు లెక్కగట్టగలరు?

తనిఖీలో మిగిల్చింది, పరిహారంలో

2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించి, రాష్ట్ర ప్రభుత్వం 30 కోట్ల రూపాయలు విడుదల చేసింది. ఆ తర్వాత వచ్చిన హైపవర్ కమిటీ కంపెనీ నిర్లక్ష్యంతో పాటు ఫ్యాక్టరీల శాఖ వైఫల్యాన్ని కూడా ఎత్తిచూపింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా యూనిట్‌లో 17 మంది చనిపోయారు. మళ్లీ కోటి.

ఆ డబ్బు ఆ కుటుంబాలకు అందాల్సిందే, అందులో వాదన లేదు. నేనడిగేది లెక్క గురించి. ఇన్‌స్పెక్టర్ పోస్టు ఖాళీగా ఉంచినప్పుడు 2230 కింద మిగులు కనబడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు ఖర్చు సహాయం కిందో పరిహారం కిందో వేరే చోట కనబడుతుంది. ఈ రెండూ ఒకే ఖర్చు తాలూకు రెండు ముక్కలని చెప్పే పట్టిక ఏ బడ్జెట్ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఆ పట్టిక ఉంటే పొదుపు అనుకున్నది పొదుపు కాదని ఆర్థిక శాఖే ఒప్పుకోవాల్సి వస్తుంది.

శిక్షల లెక్క ఇంకా చిన్నది. 2018 నుంచి 2020 దాకా మూడేళ్లలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో 3,331 మంది చనిపోయారు. ఫ్యాక్టరీల చట్టం కింద జైలుకు వెళ్లింది 14 మంది. పాత చట్టంలో యంత్ర భద్రత నియమాలు మీరినందువల్ల మనిషి చనిపోతే కనీస జరిమానా 25,000 రూపాయలు. కొత్త కోడ్ దాన్ని కనీసం 5 లక్షలు చేసి, అందులో సగమైనా బాధిత కుటుంబానికి ఇవ్వమనే అధికారం కోర్టుకు ఇచ్చింది. ఇది మెరుగే. కానీ జరిమానా పడాలంటే కేసు నిలవాలి, కేసు నిలవాలంటే ప్రమాదానికి ముందే రాసిన తనిఖీ నివేదిక ఉండాలి. మళ్లీ మా అత్త ప్రశ్న దగ్గరికే వచ్చాం.

బొగ్గు గనుల పాఠం

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగంతో, కులనిర్మూలనతో గుర్తుపెట్టుకుంటాం. ఆయన ప్రభుత్వ ఆర్థిక శాస్త్రంలో పరిశోధక విద్యార్థి అన్న సంగతి ఈ పనిలో నాకు ఎక్కువగా గుర్తొస్తుంది. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామంపై ఆయన రాసిన గ్రంథం 1925లో వచ్చింది. రాబడి ఒకరి చేతిలో, ఖర్చు ఇంకొకరి చేతిలో ఉంటే బాధ్యత ఎవరి చేతిలోనూ ఉండదని ఆ చరిత్ర చదివితే అర్థమవుతుంది. 0230, 2230 కథ దానికి దూరం కాదు.

1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనులకు వెళ్లి కార్మికుల బతుకును కళ్లారా చూశారు. 1944 ఆరంభంలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. గనుల నుంచి బయటికి వెళ్లే బొగ్గు మీద టన్నుకు అణాల లెక్కన సెస్సు వేసి, ఆ డబ్బును కార్మికుల కోసం ప్రత్యేక నిధిగా పెట్టారు. దాని సలహా సంఘంలో గని యజమానుల ప్రతినిధులతో పాటు కార్మికుల ప్రతినిధులకూ చోటిచ్చారు. ఇందులో మూడు సూత్రాలు ఉన్నాయి. బొగ్గు మీద లాభం తీసేవాడే కట్టాలి. ఆ డబ్బు వేరే పనికి పోకూడదు. ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే చోట కార్మికుడు కూర్చోవాలి.

మూడోది లేకపోతే మొదటి రెండూ ఏమవుతాయో భవన నిర్మాణ కార్మికుల సెస్సు చూపించింది. 1996 చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా వసూలయ్యేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సంక్షేమ బోర్డుల దగ్గర దాదాపు 52,000 కోట్ల రూపాయలు ఉన్నాయని కేంద్ర కార్మిక శాఖే రాష్ట్రాలకు గుర్తుచేసింది. అదే వారం ఆ కార్మికులు పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని జాతీయ రహదారుల మీద నడుస్తున్నారు. వసూలు చేయడం తెలిసిన రాజ్యానికి, ఆ డబ్బు ఎవరిదో గుర్తుంచుకోవడం తెలియలేదు.

మనం అడగాల్సినవి

ఇవి పెద్ద విప్లవాలు కావు. ఏ రాష్ట్ర శాసనసభైనా వచ్చే బడ్జెట్‌లో చేయగలిగినవే.

ఒకటి, భద్రతకు సంబంధించిన ప్రతి శాఖా ఏటా ఒక పేజీ పట్టిక ప్రచురించాలి. ఫీజు రాబడి, తనిఖీ ఖర్చు, మంజూరైన పోస్టులు, ఖాళీలు, జరిగిన తనిఖీలు, మరణాలు, చెల్లించిన పరిహారం అన్నీ ఒకేచోట ఉండాలి.

రెండు, ఫీజు ప్రమాదాన్ని బట్టి ఉండాలి. ద్రావకాలు నిల్వ చేసే కంపెనీకీ బిస్కెట్లు చేసే కంపెనీకీ ఒకే రకం లెక్క కుదరదు. కాంట్రాక్టు కార్మికుల వాటా పెరిగేకొద్దీ ఫీజు పెరగాలి. చిన్న యూనిట్‌కు ఫీజు తగ్గించవచ్చు, తనిఖీ తగ్గించకూడదు.

మూడు, ఫీజు కట్టేవాడు లేని చోట సెస్సు ఉండాలి. నగరాల్లో భవన అనుమతి, డ్రైనేజీ కనెక్షన్ చార్జీలో ఒక భాగాన్ని మురుగు పని యంత్రాలకు, పూర్తికాలపు తనిఖీ అధికారులకు కేటాయించాలి. మురుగు అందరి ఇళ్ల నుంచీ వస్తుంది. దాని భద్రత ఖర్చు ఒక కులం ప్రాణంతో కట్టించుకోవడం ఆగాలి.

నాలుగు, తనిఖీ ప్రణాళికను కంప్యూటర్‌కు ఒక్కదానికే వదలకూడదు. ఏ గేటు ముందు ఎక్కువమంది నోటు పుస్తకం కార్మికులు ఉన్నారో ఆ గేటే జాబితాలో మొదటిది కావాలి. ప్రణాళిక సంఘంలో కాంట్రాక్టు కార్మికులు, పారిశుద్ధ్య కార్మికులు, మహిళలు కూర్చోవాలి. ప్రమాద నివేదికలో కులం కాలమ్ చేర్చాలి.

ఐదోది మన కోసం. విశ్వవిద్యాలయాల్లో కులం మీద, కార్మికుల మీద ఎన్నో థీసిస్‌లు వస్తున్నాయి. బడ్జెట్ పద్దుల మీద వస్తున్నవి తక్కువ. అంకెలు మన పని కాదని ఎవరో మనకు నేర్పారు. బాబాసాహెబ్ అలా అనుకోలేదు. మీ జిల్లాలో 0230 కింద ఎంత వచ్చిందో, 2230 కింద ఎంత వెళ్లిందో ఒక దరఖాస్తు పెట్టి అడగండి. మీ సొంత ప్రయోగశాలలో పాత యంత్రాలు ఎక్కడికి పోతున్నాయో, వాటిని ఎవరు మోస్తున్నారో కూడా అడగండి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా అత్త నా థీసిస్ ఎప్పుడు అయిపోతుందని అడిగింది. ఇంకో ఏడాది అన్నాను. "అది అయిపోతే ఆ సారు ముందుగాల్నే వస్తడా?" అంది. థీసిస్‌తో రాడు. ఆయన రావడానికి ఒక పద్దు కావాలి, అందులో డబ్బు కావాలి, ఆ డబ్బు ఎటు పోయిందని అడిగే మనుషులు కావాలి. మా మామ పనిచేసిన ఆ గేటు ముందు ఇప్పటికీ రాత్రి షిఫ్టుకు ఆటోలు ఆగుతున్నాయి. దిగేవాళ్ల పేర్లు ఇప్పటికీ చిన్న నోటు పుస్తకాల్లోనే ఉన్నాయి.